ఎండ మొహం, నీడ మొహం

నూజివీడు వెళ్ళొచ్చానని తెలియగానే మా విజయనగరంలో అందరూ నన్ను అడిగింది ఒకటే: "పళ్ళేవండీ?" తెచ్చాను, తిన్నాం, అయిపోయాయి. పళ్ళు కాకుండా తెచ్చుకున్నది ఇంకొకటి ఉంది. అది అందరికీ పంచాలంటే రాయడం తప్ప దారి కనిపించలేదు.

నేను బడిలో సైన్సు చెప్తాను. నా తమ్ముడు ప్రసాదు బెజవాడలో డాక్టరు. ఇంగ్లీషు వైద్యం చదివాక కలకత్తా వెళ్ళి చైనావాళ్ళ సూదుల వైద్యం నేర్చుకొచ్చాడు. మే నెలలో నూజివీడుకూ విస్సన్నపేటకూ మధ్య ఒక పల్లెలో, శేషయ్యగారనే రైతు మామిడితోటలో ఎనిమిది రోజులు మకాం వేసి, వచ్చినవాళ్ళకల్లా ఉచితంగా సూదులు గుచ్చుతాడు. ఈ ఏడు నన్నూ రమ్మన్నాడు.

"అక్కా, నాకు మందుల చీటీ రాయడం తప్ప తెలుగు రాదు. యిన్, యాంగ్, చి. ఈ మూడూ మా పేషెంట్లకి అర్థమయ్యేట్టు ఓ పది పేజీల పుస్తకం రాసిపెట్టు" అన్నాడు. చైనా మీద నాకు అంత ఆసక్తి ఏమీ లేదు. మామిడిపళ్ళ మీద ఉంది. ఒప్పుకున్నాను.

హనుమాన్ జంక్షన్

నేనూ, బెజవాడ నుంచి వచ్చిన తమ్ముడూ నూజివీడు బస్సు కోసం హనుమాన్ జంక్షన్లో గంటన్నర కూర్చున్నాం. లారీల దుమ్ము, సోడా కొట్టు ముందు బెంచీ, ఆరు ముంజలు రూపాయికి. మా ఊళ్ళో అయితే పది ఇస్తారని గొణిగితే, "మీ ఊరికి వెళ్ళి తెచ్చుకోండమ్మా మరి" అని ముంజలమ్మే ఆవిడ నవ్వుతూనే అంటించింది. ఇక్కడివాళ్ళు తిట్టినా 'అండీ' పెట్టి తిడతారని అంటే విన్నాను గానీ, అనుభవం అదే మొదటిసారి.

ఆ బెంచీ మీదే నా పాఠం మొదలైంది. చలవ, నీడ, నీరు, రాత్రి, ఇవన్నీ యిన్. వేడి, ఎండ, నిప్పు, పగలు, ఇవన్నీ యాంగ్. ఒంట్లో రెండూ ఉండాలి, ఒకదాన్నొకటి పట్టుకుని ఉండాలి. ఒకటి పెరిగి రెండోది తగ్గితే జబ్బు. ఇక చి అంటే ఒంట్లో దారులు పట్టి తిరిగే శక్తి. అది ఆగిన చోట నొప్పి, తిమ్మిరి, మొద్దుబారడం. సూది ఆ దారి తెరుస్తుంది. ఇదీ వాడి సిద్ధాంతం.

"మన అమ్మ చెప్పేదే కదరా. బొప్పాయి వేడి, మజ్జిగ చలవ. ఇందుకు చైనా దాకా ఎందుకు?"

"నేను కలకత్తా దాకే వెళ్ళాను."

"ఈ చి మైక్రోస్కోపులో కనిపిస్తుందా?"

"కనిపించదు."

"మరి సైన్సు టీచరు చేత రాయిస్తావేం?"

"అందుకే. నమ్మేవాళ్ళు రాసినవి చదవలేకపోతున్నాను" అన్నాడు. వాడి మీద నాకు కోపం వచ్చినా ఎక్కువసేపు నిలవదు.

బస్సు ఎక్కేముందు ఇంకో ముక్క చెప్పాడు. మొట్టమొదట ఆ రెండు మాటలకీ అర్థం చాలా చిన్నదట. కొండకి నీడ పడే వైపు ఒకటి, ఎండ పడే వైపు ఒకటి. నేను పట్టించుకోలేదు. అప్పటికే నా నోటుపుస్తకంలో 'శీతతత్త్వము, ఉష్ణతత్త్వము, ప్రాణశక్తి' అని రాసుకుని మురిసిపోతున్నాను.

చాకు అడిగిన మనిషి

శేషయ్యగారి తోటలో అన్నీ చిన్న రసాల చెట్లే. తోట మధ్య పెంకుల కొట్టు. దాని వసారాలో తమ్ముడి సూదులు. లోపల మామిడికాయలు మాగబెట్టే కుప్పలు. వాసన ఎంత చిక్కగా ఉందంటే, ఆ వాసనతో అన్నం కలుపుకోవచ్చు అనిపించింది.

మొదటి పూటే పరువు పోగొట్టుకున్నాను. భోజనంలో ముద్దపప్పు, ఆ ఏటి కొత్తావకాయ, గడ్డపెరుగు వేశారు. పక్కనే బకెట్ నీళ్ళలో పొద్దుటి నుంచి నానుతున్న రసాలు. పండు వేడి తగ్గాలని అలా నానబెడతారట. మా ఇంట్లో సువర్ణరేఖ పండు చెక్కు తీసి ముక్కలు కోసుకుంటాం. ఆ అలవాటు కొద్దీ, "చాకు ఉందాండీ?" అన్నాను.

శేషయ్యగారు అరవై ఏళ్ళ పెద్దమనిషి. ఆయన నా వంక, పండు వంక, మా తమ్ముడి వంక చూశారు. "మీ అక్కగారికి ఒంట్లో బాలేదా?" అని వాడినే అడిగారు. తర్వాత ఆయనే చూపించారు. పండుని రెండు చేతుల మధ్య మెల్లగా పిసకాలి, ముచ్చిక తుంచాలి, మొదటి చుక్క సొన పారబొయ్యాలి, ఇక నోట్లో పెట్టుకుని జుర్రుకోవాలి. మధ్యలో పెరుగన్నం ముద్ద. ఆ పూట నాలుగు తిన్నాను. మూడో రోజుకి గడ్డం మీద సెగ్గడ్డ లేచింది. "అక్కా, యాంగ్ ఎక్కువైంది" అని తమ్ముడు, మజ్జిగ చెంబుతో నాగమణి, ఇద్దరూ ఒకేసారి వచ్చారు.

నాగమణి ఎవరో చెప్పాలి. ఆమెకంటే ముందు ఆమె అత్త కోటమ్మ గురించి చెప్పాలి.

కోటమ్మ చెయ్యి

ఆ తోటలో కాయలు మాగబెట్టే పని నలభై ఏళ్ళుగా కోటమ్మది. నేల మీద వరిగడ్డి పరిచి, కాయలు పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పుతారు. ఇక చూడడానికి ఏమీ ఉండదు. రోజూ పొద్దున్నే కోటమ్మ గడ్డిలోకి కుడిచెయ్యి మోచేతి దాకా పోనిచ్చి, కాసేపు కళ్ళు మూసుకుని, "ఎల్లుండి పొద్దున్న విప్పండి" అంటుంది. ఆ రోజే విప్పాలి. ముందు విప్పితే పులుపు, తర్వాత విప్పితే కుళ్ళు. లోపలి వెచ్చదనం బట్టి చెప్తుందట.

రెండో రోజు ఆ కోటమ్మే మా తమ్ముడి ముందు కూర్చుని కుడిచెయ్యి చాపింది. నోటుపుస్తకం పట్టుకుని పక్కనే నేను.

"మోచేతి కిందకి ఏం తెలీదండీ. మొన్న పొయ్యిలో నిప్పు పట్టుకున్నా తెలీలేదు, వాసనొచ్చాక చూసుకున్నాను" అంది. అరచేతిలో మాడిన మచ్చ ఉంది. బెజవాడ పెద్దాసుపత్రిలో చూసి నరం దెబ్బతిందనీ, బాగుపడొచ్చు, పడకపోవచ్చనీ చెప్పారట. అది మొదలై ఇది రెండో వేసవి.

తమ్ముడు మోచేతి దగ్గర రెండు, బొటనవేలి పక్కన ఒకటి సూదులు గుచ్చి, చి గురించి ఆమెకి అర్థమయ్యేలా చెప్పబోయాడు. చెరువు నుంచి బోదెల్లో నీళ్ళు పారినట్టు ఒంట్లోనూ పారతాయనీ, దారి పూడిపోతే చివరి మడికి అందవనీ అన్నాడు.

"అయితే నా చేతికి నీళ్ళు రావట్లేదన్నమాట. మడవ ఎక్కడ మూశారో చూసి తెరవండి మరి."

"చూస్తున్నాను. కానీ తెరుచుకుంటుందని మాటివ్వలేను కోటమ్మా. ఏమైనా తెలుస్తోందా? బరువుగా, లాగినట్టు?"

"ఏం లేదండీ. ఇంకోటి గుచ్చండి."

నేను ప్రాణశక్తిని కొట్టేసి 'పారుదల' అని రాసుకున్నాను.

సూదులు తీసేశాక కోటమ్మ గొంతు తగ్గించింది. "ఈ సంగతి శేషయ్యగారితో అనకండి డాక్టరుగారూ. మీరు కూడానండీ, పంతులమ్మగారూ. పోయినేడు ఒక కుప్ప పోయింది. ఇంకొకటి పోతే కార్బైడ్ పెట్టిస్తానంటున్నారు. బెజవాడ మార్కెట్టంతా అదేనంట. కాయల మధ్య పొట్లం పడేస్తే రెండ్రోజుల్లో పసుపొస్తది. ఇక మాతో పనేముంది?"

"మరి రోజూ చెయ్యి పెట్టి చెప్తున్నావు కదా, ఎలా?" అన్నాను.

ఆమె పక్కన నిలబడిన కోడలి వంక చూసింది. నాగమణి పాతికేళ్ళ పిల్ల. సిగ్గుపడి తల దించుకుంది.

మర్నాడు పొద్దున నా కళ్ళతో చూశాను. శేషయ్యగారు గుమ్మంలో ఉన్నారు. కోటమ్మ కుడిచెయ్యి గడ్డిలో పెట్టి కళ్ళు మూసుకుంది. నాగమణి గడ్డి సర్దుతున్నట్టు పక్కనే వంగి తన చెయ్యీ లోపలికి పోనిచ్చింది. కింద, చీరకుచ్చెళ్ళ చాటున, కోడలి కాలి బొటనవేలు అత్త పాదం మీద నొక్కింది. ఒకసారి నొక్కితే ఇంకా చల్లగా ఉన్నట్టు, రెండుసార్లయితే వెచ్చబడినట్టు, మూడుసార్లయితే బాగా వేడెక్కినట్టు అని తర్వాత నాగమణి చెప్పింది. "రేపు పొద్దున్నండీ" అంది కోటమ్మ, కళ్ళు తెరవకుండానే. శేషయ్యగారు తలూపి వెళ్ళిపోయారు. నాకు నవ్వొచ్చింది. అత్తాకోడళ్ళ మధ్య కాలు తగిలితే గొడవలయ్యే ఇళ్ళు నాకు చాలా తెలుసు.

ఆకులు

ఆ మధ్యాహ్నం కోత చూడడానికి వెళ్ళాను. పొడుగాటి గెడకి వల సంచీ కట్టిన చిక్కంతో మగవాళ్ళు కాయలు దింపుతుంటే, కోటమ్మ ఎడంచేత్తో అందుకుని చెట్టు వంక చూసి రెండు గంపల్లో వేరుచేసి వేస్తోంది. అన్నీ ఒకే చెట్టు కాయలు కదా, వేరెందుకని అడిగాను.

"ఇది ఎండ మొహం కాయండీ, కొమ్మకి పడమటేపున కాసింది. ఇది నీడ మొహం కాయ, ఆకుల్లో ఉండిపోయింది. ఎండ మొహంది నాలుగు రోజుల్లో మాగుద్ది. నీడ మొహందానికి ఆరు పడుద్ది. కలిపేస్తే ఇది పండేలోపు అది కుళ్ళి, పక్కదాన్నీ కుళ్ళబెడతది."

నేను నిలబడిపోయాను. కొండకి ఎండ పడే వైపు, నీడ పడే వైపు!

"ఏది మంచి కాయ మరి?"

"మంచేంటండీ? రెండూ మంచియ్యే. తీపి ఎండ మొహందానికి, రసం నీడ మొహందానికి." కోటమ్మ ఈ మాట అంటుంటే నాగమణి ఒక కాయ తిప్పి చూపించింది. "ఎండ మొహం కాయకైనా వీపు నీడలోనే ఉంటది కదండీ. అచ్చంగా ఎండది అంటూ ఉండదు." యిన్, యాంగ్ ఒకదాని కడుపులో రెండోది ఎప్పుడూ ఉంటుందని తమ్ముడు నల్లచుక్కా తెల్లచుక్కా వేసి బొమ్మ గీసి మరీ చెప్పి, నా బుర్రకెక్కించలేకపోయిన సంగతి అది. ఆ పిల్ల కాయని ఒక్క తిప్పు తిప్పి చెప్పేసింది.

చెట్టు కింద కూలబడి నోటుపుస్తకంలో తత్త్వాలన్నీ కొట్టేశాను. ఎండ మొహం, నీడ మొహం అని రాసుకున్నాను. అంత సంతోషం ఈ మధ్య ఎరగను. ఆ సంతోషంలో ఎవరికైనా ఏదైనా ఉపకారం చెయ్యాలనిపించింది. అత్తా కోడళ్ళు సూదులకి వెళ్ళారు. నిండిన గంపలు వరసగా ఎండలో ఉన్నాయి. కొన్నింటి మీద మామిడాకులు దట్టంగా కప్పి ఉన్నాయి, కొన్నింటి మీద ఏమీ లేవు. పాపం, ఈ కాయలు ఎండకి ఉడికిపోతాయేమో అనుకుని, ఉన్న ఆకుల్ని అన్ని గంపలకీ సమానంగా పంచి కప్పాను. బడిలో పిల్లలకి బిస్కెట్లు పంచిన అలవాటు. కూలి ఆడవాళ్ళు వచ్చి గంపలు ఎత్తుకుపోయారు.

కుప్ప విప్పిన రోజు

ఆరో రోజు పొద్దున శేషయ్యగారు కొట్టులోకి వచ్చారు. చేతిలో కాగితం పొట్లం ఉంది. అదేమిటో ఎవరూ అడగలేదు. "ఈ నీడ మొహం కుప్ప ఎప్పటికి విప్పొచ్చు కోటమ్మా? ఎల్లుండి లారీ వస్తది, ఓ మాట చెప్పు" అన్నారు.

కోటమ్మ చెయ్యి పెట్టింది. పక్కన నాగమణి వంగింది. నేను ఆ కాలి వేలునే చూస్తున్నాను. అది ఒకసారి నొక్కింది. ఆగింది. మూడుసార్లు నొక్కింది. మళ్ళీ ఒకసారి నొక్కింది. నాగమణి మొహంలో నెత్తురు లేదు.

"ఏమైంది?" అన్నారు శేషయ్యగారు.

కోటమ్మ ఎప్పటిలాగే ఏదో ఒక రోజు చెప్పి ఊరుకోవచ్చు. కానీ చెయ్యి బయటికి తీసి, గడ్డిపరకలు దులుపుకుని, ఆయన ముందుకి వచ్చి నిలబడింది.

"అయ్యగారూ, ఈ చేతికేం తెలీదండీ. పోయినేడు నుంచీ తెలీదు. చూసేది నా కోడలి చెయ్యి. లోపల ఒక చోట కాలిపోతుంది, పక్కనే చల్లగా ఉంది. కాయలు కలిసిపోయినయ్యి. ఇప్పుడే విప్పి ఒక్కొక్క కాయా పట్టుకుని ఏరకపోతే అంతా పోద్ది. ఏరడం నా వల్ల కాదు. అది ఏరాలి."

శేషయ్యగారి మొహం ఎర్రబడింది. "అయితే పోయినేడు కుప్ప..."

"అది నా చేత్తోనే చూశానండి. ఒప్పుకోలేక చూశాను. అందుకే పోయింది. ఈ ఏడు దీని చేత్తో చూశాం. ఒక్క కుప్ప పోయిందా, మీరే చెప్పండి."

"మరి ఇప్పుడు కాయలు ఎలా కలిసినయ్యి? ఆకులు కప్పిన గంపలే కదా నీడ మొహంవి?"

ఆకులు. ఎండకి కాదు, గుర్తుకి కప్పారు. నలభై మంది పిల్లల ముందు తడుముకోకుండా మాట్లాడేదాన్ని, అక్కడ నసుగుతూ చెప్పాను. "ఆకులు నేను పంచానండీ. ఎండ తగులుతోందని, అన్నింటికీ సమానంగా..." అని ఆగిపోయాను. ఏడుపు వచ్చేసింది.

నేను చాకు అడిగిన రోజు చూసినట్టే శేషయ్యగారు నా వంక చూశారు. తర్వాత పొట్లం జేబులో పెట్టుకుని, పంచె ఎగ్గట్టి, గడ్డి మీద కూర్చున్నారు. "ముందు విప్పండి. మాటలు తర్వాత."

మధ్యాహ్నం దాకా ఏరాం. నాగమణి ఒక్కొక్క కాయనీ అరచేతిలో ఒక్క క్షణం పట్టుకుని ఎడమకో కుడికో ఇచ్చేది. కోటమ్మ పక్కన కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నోటితో చెప్పేది. "ముచ్చిక దగ్గర చూడు. అక్కడ వెచ్చగుంటే రేపు. వీపున కూడా వెచ్చగుంటే ఇయ్యాలే." కోడలి చెయ్యి, అత్త మాట. ఏ ఒక్కటి లేకపోయినా ఆ కుప్ప మిగిలేది కాదు. నలభై ఏళ్ళ సంగతి ఒకరి దగ్గర, వేడి తెలిసే చర్మం ఇంకొకరి దగ్గర. యిన్ ఎవరు, యాంగ్ ఎవరు అని మా తమ్ముడిని అడిగితే, "రాయడం మానేసి కాయలందుకో అక్కా" అన్నాడు.

చివరికి పోయింది ఒక గంపెడు. "ఈ గంప పంతులమ్మగారి పద్దు" అని శేషయ్యగారు అంటే అందరూ నవ్వారు, నేను కూడా. లేచి పంచె దులుపుకుంటూ ఆయన, "నాగమణీ, రేపు ఎండ మొహం కుప్ప నువ్వే చూడు. కోటమ్మా, నువ్వు పక్కనే ఉండు. కాళ్ళు తొక్కుకోవడాలూ అవీ అక్కర్లేదు" అన్నారు. అంటే ఆయన ఎన్నాళ్ళ నుంచి చూస్తున్నారో! కోటమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. పొట్లం మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

చీమ

ఏడో రోజు సూదులు పెట్టినప్పుడు కోటమ్మ ఉలిక్కిపడింది. "మోచేతి కింద చీమ పాకినట్టుందండీ."

తమ్ముడు పండగ చేసుకున్నాడు. "అదే, అదే! పారుదల కదిలింది."

"చీమలెందుకండీ నాకు? వేడి కావాలి గానీ" అంది కోటమ్మ. వాడి మొహం చిన్నబోయింది. అది చూసి, "పోన్లెండి, వచ్చే ఏడు ఇంకాస్త కిందికి దిగుద్దేమో" అని ఆమే ఓదార్చింది.

బయల్దేరేటప్పుడు రెండు వరసల రసాలు గడ్డిలో పేర్చిన బుట్ట ఇచ్చారు. పైన ఎండ మొహంవి, మధ్యలో అరిటాకు, అడుగున నీడ మొహంవి. నాగమణి అప్పటికి కొట్టులో కొత్త కుప్ప దగ్గర ఉంది. బుట్ట మూయబోతూ కోటమ్మ, నలభై ఏళ్ళ అలవాటు కాబోలు, కుడిచెయ్యి గడ్డిలో అడుగు దాకా పోనిచ్చింది. కళ్ళు మూసుకుంది.

"పైవి వెళ్ళంగానే తినెయ్యండి. అడుగువి గురువారం. ముందు ముట్టుకోకండి."

తర్వాత అదే చెయ్యి నా చెంప మీద పెట్టింది. గరుకుగా ఉంది. నా చెంప తడి ఆమెకి తెలిసి ఉండదు.

గురువారం

పై వరస సోమవారానికే అయిపోయింది. బుధవారం సాయంత్రం ఉండబట్టలేక బుట్ట తెరిచి, గడ్డిలో కుడిచెయ్యి అడుగు దాకా పెట్టాను. కళ్ళు కూడా మూసుకున్నాను. గడ్డి గుచ్చుకుంది, కాయలు తగిలాయి. అంతకుమించి ఏమీ తెలియలేదు. నా చేతికి ఏ జబ్బూ లేదు. వేణ్ణీళ్ళూ చన్నీళ్ళూ చక్కగా తెలిసే చెయ్యి.

గురువారం పొద్దున వాసనకి ఇల్లంతా లేచింది. అడుగు వరసలో ప్రతి పండూ మాగింది. ఒక్కటి పచ్చిది లేదు, ఒక్కటి మెత్తబడలేదు. ఆ రోజు ఆ చేతికి నిజంగా వేడి తెలిసిందో, లేక చర్మానికి తెలియనిది మరి దేనికైనా తెలుసో, సైన్సు టీచరుగా నేను చెప్పలేను. తమ్ముడికి ఉత్తరం రాశాను. వాడి పుస్తకం మొదటి పేజీలో కోటమ్మ పేరూ నాగమణి పేరూ ఉండాలని, లేకపోతే పుస్తకమే ఇవ్వనని రాశాను.

చాకు తీయలేదు. ఒక పండు తీసుకుని రెండు చేతుల మధ్య మెల్లగా పిసికి, ముచ్చిక తుంచి, మొదటి చుక్క పారబోసి, కోటమ్మని తలుచుకుని తిన్నాను.